దండెం తాడుకు అటు చివర

మార్చి 4, సోమవారం

గాలి, ఎండ ఒకే రోజు దొరికాయి. మార్చిలో, అదీ బట్టలుతికే సోమవారం నాడు ఇలా దొరకడమంటే దేవుడికి నా మీద కాస్త దయ కలిగిందనే అనుకోవాలి. పొద్దున్నే దుప్పట్లన్నీ ఉతికి దండెం మీద వేశాను. వేసి వెనక్కి తిరిగి చూద్దును కదా, తాడు మళ్ళీ వేలాడుతోంది. పెద్ద దుప్పటి అంచు బురదలో పడింది. దాన్ని మళ్ళీ ఉతకాల్సి వచ్చింది.

ఇది పక్కింటి టోర్మొడ్ గొర్రె పని, సందేహం లేదు. నా ఇంటి గోడ కొక్కెం నుంచి ముసలమ్మ రాయి దాకా ఈ తాడు మా నాయనమ్మ కట్టింది. రాయి భుజం మీదుగా పోయి అవతలి పక్కనున్న ఇనప కడియానికి ముడిపడుతుంది. రాయి దాటితే టోర్మొడ్ చేను. వాళ్ళ చేలో మా ఇంటివాళ్ళం అడుగుపెట్టం, మా చేలో వాళ్ళు పెట్టరు, పిలిస్తే తప్ప. గొర్రెకు మాత్రం ఈ మర్యాద తెలియదు. వచ్చి తాడుకు వీపు రుద్దుకుని పోతుంది.

కేకేసి చెప్పాను. అతను గుమ్మం ముందు కూర్చుని టీ తాగుతూ, గొర్రెకు బుద్ధి చెబుతానన్నాడు. గొర్రె సంగతి తర్వాత, ముందు నీ ఇంటి సంగతి చూసుకో, సముద్రంలోకి జారిపోతోందన్నాను.

"జారితే చప్పుడవుతుందిలే ఊనా. నీకు వినబడుతుంది" అన్నాడు.

నవ్వులాట కాదు. నా చిన్నప్పుడు వంటింటి తొట్టి దగ్గర నిలబడితే అతని ఇల్లు ముసలమ్మ రాయి వెనక పూర్తిగా దాగి ఉండేది. పొగ ఒక్కటే కనిపించేది. నాకు ముప్ఫై వచ్చేసరికి చిమ్నీ బయటపడింది. ఇప్పుడు గుమ్మం, మెట్టు, అతని చేతిలో కప్పు రంగుతో సహా కనిపిస్తున్నాయి. ఇల్లు పక్కకు జరగకపోతే ఎలా కనిపిస్తుంది? నేనేమీ పనిగట్టుకుని చూడను. తొట్టి కిటికీ కింద ఉంది, గిన్నెలు కడిగేటప్పుడు ఇంకెటు చూడను?

సాయంత్రం పోర్ట్రీ పట్నం నుంచి పెగ్గీ ఫోను. రోడ్డు మళ్ళీ వంకర తిరిగిందనీ, ఈసారి నేలను పరీక్షించడానికి ఎవరో చదువుకున్నవాళ్ళు వస్తున్నారనీ పోర్ట్రీలో ఇప్పుడే విన్నదట. నా చెల్లెలికి పోర్ట్రీలో వినబడనిది లేదు. "అక్కా, నీ ఇంటి కింద నేల కదులుతోందని వాళ్ళు తేలిస్తే మాత్రం నువ్వు నా దగ్గరికి వచ్చెయ్యాలి, మాటివ్వు" అంది. ఇచ్చాను. తేలదు కాబట్టి ఇవ్వడానికి నాదేం పోయింది.

మార్చి 6

కోడిగుడ్డు బల్ల మీద నుంచి దొర్లి కింద పడింది. బల్ల కాలు పొట్టి.

మార్చి 9, శనివారం

రాళ్ళ పిల్ల వచ్చింది. పేరు ఐలీన్ బాక్స్టర్, ఎడిన్‌బరో నుంచి. డాక్టరట, కానీ మనుషులకు కాదు. మా ఊళ్ళో ఖాళీ గది నాకే ఉంది కాబట్టి నా ఇంట్లోనే దిగింది. వెనక గది తలుపు తెరుచుకోక భుజంతో తోసింది. చలికాలం చెమ్మకు చెక్క ఉబ్బుతుందమ్మా అన్నాను. ఆ పిల్ల తలుపు పైమూల కేసి చూసి ఏదో అనబోయి ఊరుకుంది. పెంపకం మంచిదే.

రాత్రి భోజనానికి టోర్మొడ్‌ని పిలిచాను. హెరింగు చేపలు ఇచ్చింది అతనే, పిలవకపోతే బాగుండదు. ఆ పిల్ల గంజి తాగినట్టు గబగబా తినేసి, ఓట్ల రొట్టెలూ మెత్తటి జున్నూ ముందు పెట్టుకుని పాఠం మొదలుపెట్టింది. అడుగున జున్ను. ఇది పాతకాలం సముద్రం అడుగు బంకమట్టి. దాని మీద ఒకదాని మీద ఒకటి రొట్టెలు. ఇవి అగ్నిపర్వతాలు కక్కిన లావా పొరలు, మా వెనక కొండ అంచున మెట్లు మెట్లుగా కనిపించేవి. తర్వాత మంచు వచ్చింది. కొండలంత ఎత్తు మంచు. కత్తి తీసుకుని రొట్టెల పక్కభాగం నిలువుగా చెక్కేసింది. మంచు ఉన్నంతకాలం అదే ఆసరా, అది కరిగిపోయాక కొండకు ఆనుకోవడానికి ఏమీ లేదు. వేలితో పైనుంచి నొక్కింది. జున్ను నలిగి, రొట్టెలు ముక్కలుగా విరిగి, పళ్ళెం అంచుకు జారాయి.

"మీరంతా ఉంటున్నది ఈ జారిన ముక్కల మీద" అంది. "ఇంకా పూర్తిగా ఆగలేదు."

టోర్మొడ్ ఒక జారిన ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. ఇప్పుడు ఆగింది అన్నాడు.

ఇందులో నాకు కొత్తేముంది? రోడ్డు ప్రతి ఏడూ విరుగుతూనే ఉంది, ప్రతి ఏడూ తారు పోస్తూనే ఉన్నారు. కొత్త సంగతి ఒక్కటే, ముసలమ్మ రాయి గురించి. చలికాలపు ముసలమ్మ తన దుప్పటి ఉతికి ఆరేసి, గాలికి ఎగిరిపోకుండా బరువు పెట్టిన రాయి అది అని మా నాయనమ్మ చెప్పేది. ఆ పిల్ల నవ్వకుండా విని, దుప్పటి మాట నిజమే, తెల్ల దుప్పటంటే మంచే అంది. కానీ రాయి ఈ దీవిది కాదట. ఆ ఎర్రరాయి సముద్రం అవతల పెద్దనేల మీద పుట్టిందట. మంచు మోసుకొచ్చి ఇక్కడ దింపి పోయిందట.

"అందుకే దానికంత పొగరు" అన్నాడు టోర్మొడ్. "పెద్దనేల నుంచి వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళున్నా మనతో కలవరు."

ఆ పిల్ల కూడా పెద్దనేల నుంచే వచ్చిందని అతనికి అన్నాక గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. నేను ఇంకో రొట్టె వడ్డించి గట్టెక్కించాను.

మార్చి 10, ఆదివారం

చర్చికి బయల్దేరుతుంటే ఆ పిల్ల మూడుకాళ్ళ యంత్రం భుజాన వేసుకుని ఎదురైంది. ఆదివారం మా ఊళ్ళో కోళ్ళు కూడా కాస్త తగ్గి కూస్తాయి, బట్టలు ఆరెయ్యం, కొలతలు అసలే తియ్యం అని చెప్పాను. కొండ ఆదివారమూ కదులుతుంది కదా అంది. కదిలినా మనం చూడకూడదు అన్నాను.

మార్చి 12

నా ఇంటి వెనక గడ్డిలో ఉన్న నెర్రెకు అడ్డంగా ఒక సన్నటి తీగె కట్టింది. ఒక కొస ఇవతల గుంజకు, రెండో కొస అవతల చిన్న చక్రం మీదుగా ఒక బరువుకు. నెర్రె విచ్చుకుంటే తీగె లాగుతుంది, చక్రం తిరుగుతుంది, ముల్లు జరుగుతుంది. ముట్టుకోవద్దంది. నాకు పనీపాటా లేదనుకుందేమో. ఆ నెర్రె గొర్రెలు నడిచి పడిందని చెప్పినా వినలేదు. వారం రోజులు అవతలి ఊళ్ళ వైపు చూసి వస్తానని వెళ్ళింది.

మార్చి 18, సోమవారం

వానలు వెలిసి ఎండొచ్చింది. వారం మాసిన బట్టలు. తాడు మళ్ళీ వేలాడుతోంది, టోర్మొడ్ పోర్ట్రీ సంతకు పోయాడు, కేకేస్తే పలికేవాడు లేడు. అతనికి కేకేశాక ఒకటి రెండు రోజుల్లో తాడు బిగుస్తుంది ఎప్పుడూ. ఎండకు తాళ్ళు ముడుచుకుంటాయి.

ఇంటి వెనక మాత్రం చక్కగా, బిగుతుగా, గాలికి అడ్డంగా ఒక తీగె ఖాళీగా ఉంది.

రెండు దిండు గలీబులు వేశాను. అంతే.

తువ్వాళ్ళు కూడా.

ఉన్ని కంబళి ఒక్కటి. అది తడిస్తే కాస్త బరువుంటుంది. సాయంత్రానికి అన్నీ తీసేశాను, ఎవరికీ ఏ నష్టమూ లేదు. బాగా ఆరాయి.

మార్చి 19

ఆ పిల్ల తిరిగొచ్చి తీగె దగ్గరికి వెళ్ళి, పాలిపోయిన మొహంతో ఇంట్లోకి వచ్చింది. ముల్లు ఏడాదిలో జరగాల్సింది ఒక్క వారంలో జరిగిందట. అరచేతి వెడల్పు. ఫోను చేసింది. గంట తిరక్కుండా రోడ్ల వాళ్ళు వచ్చి రోడ్డు రెండు వైపులా మూసేశారు. బడి బస్సు వెనక్కి పోయింది. అందరూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు, నా టీయే, నా కప్పులోనే. రేపు మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ చెయ్యాలన్నారు. పెగ్గీ అప్పుడే వ్యాను మాట్లాడేసింది.

చెబుదామనే అనుకున్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, భయపడకండి, నేనున్నాను అంది. అలా పట్టుకున్నాక కంబళి మాట ఎలా ఎత్తను?

ఒక్క కంబళికి నిజంగా అంత జరుగుతుందా? ఏమో. నాకేం తెలుసు, నేను డాక్టర్ని కాదు.

మార్చి 20

ఊరంతా దిగింది. పోస్టు మర్డో నా గిన్నెల బీరువా వీపుకెత్తుకున్నాడు. ఆడవాళ్ళు కేకులతో వచ్చారు. నా కోళ్ళను బుట్టల్లో కూర్చోబెట్టారు. ఒకరు గడియారం, ఒకరు మా నాయనమ్మ ఫోటో. అందరి మొహాలూ పెళ్ళికి వచ్చినట్టు వెలిగిపోతున్నాయి. ఇంత సందడి ఈ ఊళ్ళో ఎన్నాళ్ళైందో. ఎటు చూసినా నా సామానే, గడ్డిలో ఎండకు నిలబడి. అంత తక్కువ కనిపిస్తుందనుకోలేదు.

టోర్మొడ్ వెనక్కి వెళ్ళి తీగె చూసి వచ్చాడు. వచ్చి నా ఎదురుగా నిలబడి గుప్పిట విప్పాడు. నా బట్టల క్లిప్పు. తీగెకే ఉండిపోయిందట. దాన్ని జేబులో వేసుకున్నాడు. నేను ఊ అంటే ఆ జేబులోనే ఉండిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆ సంగతి అతని మొహం చూస్తేనే తెలిసింది. అదే నాకు ఒళ్ళు మండించింది. నా తప్పు దాచిపెట్టడానికి ఇతనెవరు?

బీరువా దింపు మర్డో, అని అరిచి, అందరి ముందూ చెప్పేశాను. గలీబులు, తువ్వాళ్ళు, కంబళి, అన్నీ.

ఆ పిల్ల గడ్డిలో చతికిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మర్డో బీరువాతో సహా నవ్వాడు, రెండు పళ్ళేలు పోయాయి. రోడ్ల వాళ్ళు మాత్రం నవ్వలేదు, కేకు తిన్నాక కాస్త మెత్తబడ్డారు. పెగ్గీ వ్యాను ఖాళీగా పోయింది. సామాను లోపల పెట్టడానికి మాత్రం ఎవరూ అంత హుషారుగా రాలేదు.

మార్చి 24, ఆదివారం

చర్చిలో పాస్టరు విశ్వాసముంటే కొండలు కదులుతాయన్న వాక్యం చదివారు. ఊరంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. ఆయన కావాలనే ఎంచుకున్నారు. వచ్చేటప్పుడు మర్డో, తడి కంబళైనా చాలు అన్నాడు. కొండను కదిపిన ఊనా అని పేరు పెట్టారు. పోనీ, ఇదివరకు నాకు ఏ పేరూ లేదు.

ఏప్రిల్ 2

తలుపుల వారం. చలికాలం పోయాక ఊళ్ళో ఎవరి తలుపులు వాళ్ళు చిత్రిక పట్టుకుంటారు, నావి టోర్మొడ్ పడతాడు. కూలి లేదు, చేపలూ బంగాళాదుంపలూ పెడతాను. ఈసారి ఎందుకో పక్కనే నిలబడి చూశాను. ప్రతి తలుపుకూ పైన సముద్రం వైపు మూలే గీస్తున్నాడు. వెనక గదికీ అదే మూల. వంటింటికీ అదే మూల. చెమ్మకు ఉబ్బితే అన్ని వైపులా ఉబ్బాలి కదా అన్నాను.

చెక్క సంగతి చెప్పలేం ఊనా, అని తల ఎత్తకుండా గీస్తూనే ఉన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఏప్రిల్ 11

ఆ పిల్ల మూడు వారాలు అతని చేలో నుంచీ నా చేలో నుంచీ యంత్రంతో చూసింది. తీగె చుట్టూ ఈసారి కంచె వేసింది. ఇవాళ కూర్చోబెట్టి చెప్పింది.

టోర్మొడ్ ఇల్లు వెంట్రుక వాసి కూడా కదల్లేదు. ఆ బంకమట్టి పొరల మధ్యకు ఒకప్పుడు కరిగిన రాయి చొరబడి, అక్కడే చల్లారి, నల్లగా గట్టిపడింది. అతని ఇల్లూ, ముసలమ్మ రాయీ కూర్చున్నది దాని మీద. కదులుతున్నది నా ఇల్లు. జారిన ముక్క మీద, ముక్కతో పాటు, కిందికి. సముద్రం వైపుకి.

మళ్ళీ కొలవమన్నాను. కొలిచిందట, మూడుసార్లు. మరి అతని చిమ్నీ ఎలా బయటపడిందన్నాను. బల్ల మీద కప్పు పెట్టి, దాని వెనక కూజా పెట్టింది. కూజా కప్పు వెనక దాగింది. ఇప్పుడు కూజాను ముట్టుకోను చూడండి, అని నా తలను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది. కూజా బయటికొచ్చింది.

ఇన్నేళ్ళూ నేను అతన్ని చూసి జాలిపడుతున్నాను.

వెనక గది కింద నెర్రె గోడ దాకా వచ్చేసింది. ఇల్లు రేపే పడిపోదు, ఇంకా ఏళ్ళు నిలబడచ్చు, కానీ వచ్చే చలికాలం ఇందులో ఎవరూ పడుకోకూడదు. ఇదే రాస్తున్నానంది. చెబుతూ ఏడ్చింది, పాపం. పాన్‌కేకులు చేసిపెట్టాను. తిన్నది.

ఏప్రిల్ 12

ఏమీ రాయను.

ఏప్రిల్ 13

పెగ్గీకి ఇచ్చిన మాట మాటే. పోర్ట్రీ మంచి ఊరే. దుకాణాలున్నాయి. రేవులో రంగురంగుల ఇళ్ళున్నాయి. పెగ్గీది రెండో అంతస్తు, పొయ్యిలోకి పీటు మట్టిగడ్డలు మొయ్యక్కర్లేదు, మీట నొక్కితే వేడి. బట్టలు ఆరబెట్టే యంత్రం ఉంది, లోపల వేస్తే గిర్రున తిరిగి వేడివేడిగా వస్తాయి. గాలి కోసం చూడక్కర్లేదు. సోమవారం కూడా అక్కర్లేదు, ఏ రోజైనా ఉతుక్కోవచ్చు. కిటికీలో నుంచి ఎదురింటి కిటికీ కనిపిస్తుంది.

మంచి ఊరే.

కోళ్ళను రానివ్వరు.

ఏప్రిల్ 15, సోమవారం

ఉతకలేదు. నాయనమ్మ తాడు విప్పి పట్టుకెళ్దామనుకున్నాను. యంత్రం ఉన్నచోట తాడెందుకని పెగ్గీ అంటుంది, అననీ. నా వైపు ముడి విప్పాను. రెండో కొస రాయి వెనక ఉంది. అరవై ఏళ్ళు వచ్చాయి, ఆ రాయి వెనక పక్క నేనెప్పుడూ చూడలేదు. టోర్మొడ్ పడవ మీద ఉన్నాడు కదా అని దాటాను.

కడియం దగ్గర తాడు చుట్ట ఉంది. చుట్టలు చుట్టలుగా, ఒక మనిషి ఒడి నిండేంత. పక్కన ముళ్ళు, ఒకదాని పక్కన ఒకటి. లోపలివి పాతబడి రాయి రంగు తేలాయి, పైవి కొత్తవి. ప్రతి ఏడూ నేను అరిచిన తర్వాత ఒక ముడి. ఎండకు ముడుచుకున్న తాడు కాదు అది. అతను లాగి కట్టిన తాడు.

రాయికి ఆనుకుని కూర్చున్నాను. అతను ఎప్పుడొచ్చాడో చూడలేదు. బూట్లకు ఉప్పునీళ్ళు, చేతిలో పీతల బుట్ట. ఇన్నేళ్ళూ తెలుసా అన్నాను. తలుపులు గీసేవాడికి తెలియదా అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పెగ్గీ నిన్ను తీసుకెళ్ళిపోయేది."

అతను బుట్ట కింద పెట్టి, టోపీ తీసి, ముడుల వైపు చూస్తూ మాట్లాడాడు. నా వైపు చూసి ఉంటే చెప్పగలిగేవాడు కాదనుకుంటాను.

"నేను ఈ ఇంట్లో ఒక్కణ్ణీ పడ్డ కొత్తలో నీ పొగ ఒక్కటే కనిపించేది. తర్వాత నీ ఇంటి కప్పు. ఇప్పుడు నీ కిటికీ. నువ్వు తొట్టి దగ్గర నిలబడి నన్ను తిట్టుకోవడం కూడా కనిపిస్తుంది. నీ ఇల్లు నా వైపే వస్తోంది ఊనా. ఇంకో రెండొందల ఏళ్ళు ఆగితే నువ్వే ఇంటితో సహా నా గుమ్మంలోకి వచ్చేదానివి. ఆగుదామనే అనుకున్నాను. ఆ పిల్ల వచ్చి తొందరపెట్టేసింది."

ఆలోచించుకుంటానన్నాను. తాడు వదిలేసి వచ్చేశాను.

ఏప్రిల్ 16

ఆలోచిస్తున్నాను. అతనికి చెవులు పెద్దవి. గొర్రెను కట్టెయ్యడు. గంజిలో ఉప్పు వేసుకుంటాడు, అది సరైనదే. ఉన్నచోట ఉంటాడు. వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

ఏప్రిల్ 17

ఆలోచించాను.

ఏప్రిల్ 18

పెగ్గీతో ఫోనులో చెప్పాను. నేల కదిలితే నీ దగ్గరికి వస్తానన్నాను నిజమే, కానీ నేల నన్ను టోర్మొడ్ వైపు తెచ్చింది, నేనేం చెయ్యను అన్నాను. "అక్కా, నలభై ఏళ్ళ నుంచి ఆ మనిషిని నువ్వు తిట్టని రోజు లేదు, నాకప్పుడే అనుమానం రావాల్సింది" అంది. పెట్టెయ్యబోతూ, వ్యానుకు ఇచ్చిన అడ్వాన్సు ఎవరిస్తారని అడిగింది. ఏడుస్తోంది. నేనూ.

మే 10, శుక్రవారం

నిన్న సాయంత్రం పెళ్ళి మాటలు నా వంటింట్లోనే. ఇల్లు ఇంకా ఉంది కదా, ఉన్నప్పుడే దీనికీ ఒక శుభకార్యం జరగనీ అన్నాను. పెగ్గీ పెద్దరికం వహించి కుర్చీలో బిగదీసుకుని కూర్చుంది. టోర్మొడ్ తరఫున పోస్టు మర్డో వచ్చాడు. ఆచారం ప్రకారం నా పేరు ఎత్తకూడదు, వచ్చిన పని నేరుగా చెప్పకూడదు. మా వాళ్ళ పెళ్ళి మాటల్లో గొర్రెనో పడవనో అడగడం మామూలు.

మర్డో గొంతు సవరించుకున్నాడు. ఈ చుట్టుపక్కల ఒక ముక్క నేల ఎవరి మాటా వినకుండా తిరుగుతోందని విన్నాం, దానికి ఆనుకోవడానికి ఒక గట్టి రాయి మా దగ్గరుంది, అందం లేదు గానీ కదలదు, అన్నాడు. పెగ్గీ చాలా ఆలోచించినట్టు మొహం పెట్టి, ఆ నేల మొండిది, అరుస్తుంది, మీ రాయి తట్టుకోగలదా అంది. అరుపులు వినీ వినీ అరిగి నున్నబడిందన్నాడు మర్డో.

ముందు వేరేవాళ్ళను చూపించి, వాళ్ళు కాదనిపించుకోవాలి. పెగ్గీ రాళ్ళ పిల్లను ముందుకు తోసింది. ఆ పిల్ల ఇందుకోసమే ఎడిన్‌బరో నుంచి వచ్చింది. మర్డో దాన్ని కిందికీ మీదికీ చూసి, మంచి నేలే, కానీ పెద్దనేల నుంచి కొట్టుకొచ్చింది, మళ్ళీ ఏ మంచో వచ్చి పట్టుకుపోతుంది, మాకు వద్దన్నాడు. పిల్ల పడీపడీ నవ్వింది. తర్వాత ఊళ్ళోని ఒక ముసలావిడను చూపిస్తే, ఈ ముక్క చాలా ఏళ్ళ కిందటే ఆగిపోయిందన్నాడు. ఆవిడ కర్ర ఎత్తింది.

అప్పుడు నన్ను లేపారు. టోర్మొడ్ లేచి నిలబడ్డాడు, చెవులు ఎర్రగా. మర్డో ఇదే, ఇదేనన్నాడు. అందరూ గ్లాసులెత్తేసరికి బల్ల మీద సీసా ఒకటి పడి మెల్లగా దొర్లడం మొదలుపెట్టింది. సముద్రం వైపుకి. ఎవరూ పట్టుకోలేదు. అంచు దాకా వచ్చాక టోర్మొడ్ చెయ్యి చాపి అందుకున్నాడు.

బల్ల కాలు పొట్టి కాదు. ఇవాళ కొలిచాను.

జూన్ 7

పెళ్ళి అయింది. వాన. అందరూ తడిశారు.

జూన్ 12

ఇక్కడ తలుపులు ఇట్టే మూసుకుంటాయి. భుజంతో తోసి రెండుసార్లు లోపలికి పడ్డాను.

జూన్ 24, సోమవారం

గాలి, ఎండ.

నా ఇల్లు పగలు వాడుకుంటున్నాను. కోళ్ళు అక్కడే ఉన్నాయి, రొట్టెలు అక్కడే కాలుస్తాను, పొయ్యి నాకు అలవాటైంది. సాయంత్రం తాళం వెయ్యను, ఎవరు ఎత్తుకుపోతారు దాన్ని. ఐలీన్ ఉత్తరం రాసింది, వసంతంలో మళ్ళీ కొలవడానికి వస్తుందట, నా పాత గదిలో కాకుండా ఇక్కడే దిగుతుంది. తీగె మీద ఏమీ ఆరెయ్యొద్దని కింద గీత గీసి మరీ రాసింది.

ఉదయం ఉతికి, ఈసారి ఇటు చివర నుంచి ఆరేసుకుంటూ వెళ్ళాను. ముందు అతని చొక్కాలు, తర్వాత నా గౌన్లు, నా గోడ కొక్కెం దగ్గరికి వచ్చేసరికి కంబళి. తిరిగొచ్చి గుమ్మం మెట్టు మీద టోర్మొడ్ పక్కన కూర్చున్నాను. ఇక్కణ్ణించి చూస్తే ముసలమ్మ రాయి పక్కగా నా వంటింటి కిటికీ కనిపిస్తోంది. అందులో మనిషి లేకపోవడం కొత్తగా ఉంది. బెంగగా కూడా ఉంది, రాసుకోవడానికి సిగ్గెందుకు. పుట్టి పెరిగిన ఇల్లు. టోర్మొడ్‌కు చెప్పాను. అతను టీ పోశాడు.

కంబళి బరువుకు తాడు వేలాడింది. అంచు గడ్డిని తాకుతోంది. అతను కప్పు కింద పెట్టి, బిగించి వస్తానని లేచాడు.

కూర్చో, అన్నాను. రానీ ఆ ఇంటిని.